కోడలి చేతులు ఏరిన కుప్పలు

ఉల్లి పంట ఇంటికొచ్చే పది రోజులూ ఆ ఇంట్లో ఒకే రకంగా తెల్లారుతుంది. ముందు కోడలి మొగుడు గొంతు సవరించుకుంటాడు. సవరించుకోవడం అన్నది మర్యాదకి అనే మాట. నిజానికి బావిలో పడ్డ బిందెను గాలం వేసి లాగుతున్నట్టుంటుంది, చివరికి పైకొచ్చేది మాత్రం బిందె కాదు. దాన్ని పెరటి గోడ మీద ఒకే చోట ఉమ్ముతాడు. ఆ చోట సున్నం ఏనాడో ఊడిపోయింది. తరవాత మరిది లేచి, వంటింటి కర్టెనుకి ముక్కు తుడుచుకుని, "వదినా, టీ" అంటాడు. ఆ తరవాత అత్తగారొచ్చి గిన్నెల మూతలన్నీ తీసి వాసన చూస్తుంది, రాత్రి మిగిలినవాటిలో ఏది ఇంకా తినొచ్చో తేల్చడానికి. అన్నీ తినొచ్చనే తేలుస్తుంది.

ఇవేవీ కంట పడకుండా కోడలు ఏడేళ్ళుగా పొయ్యి మీది టీ వంకే చూస్తోంది.

నేనింత చీదరించుకుని చెబుతున్నాను గానీ, చెప్పే నేనేం పన్నీటిలో పుట్టినవాణ్ణి కాదు. నా తువ్వాలుది వేరే కథ, అది మా ఇంటావిడ చెబితేనే బాగుంటుంది. ఉల్లి సాగు గురించి నాకు తెలిసిందల్లా కోస్తే ఏడుపొస్తుందని. మిగతాదంతా వాళ్ళ షెడ్డు గడప మీద కూర్చుని, పని చెయ్యకుండా, చేసేవాళ్ళ కాళ్ళకి అడ్డం పడుతూ నేర్చుకున్నదే.

ఆ పని ఇలా ఉంటుంది. పాయలు పీకుతారు. నాలుగు రోజులు చేలోనే ఆరనిస్తారు. కాడలు కోసి, బుట్టలతో మోసుకొచ్చి షెడ్డులో పోస్తారు. అప్పుడు కోడలు పీట వేసుకుని కూర్చుంటుంది. ఒక్కో పాయనూ ఎడం చేత్తో ఎత్తి, కుడి బొటనవేలితో మెడ దగ్గర నొక్కి చూస్తుంది. గట్టిగా ఉంటే మంచిది, కుడి వైపు. వేలు మెత్తగా దిగబడిందంటే లోపల కుళ్ళు మొదలైనట్టే, పైన ఎంత నిగనిగలాడినా సరే, ఎడమ వైపు. రెండింటికీ నడుమ చిన్న కుప్ప, ఇంకా కుళ్ళలేదు గానీ త్వరగా వాడెయ్యాల్సినవాటికి. ఒక్క కుళ్ళుపాయ బస్తాలో కలిసిందంటే వారంలో బస్తా అంతా బురదవుతుంది. కోడలి బొటనవేలు మాత్రం మోసపోదని చుట్టుపక్కల పేరు. ఆ ఇంటి ఏడాది మొత్తం ఆ వేలి మీద నిలబడేది.

మంచివి లారీ ఎక్కి పట్నం వెళ్ళిపోతాయి. పండించినవాళ్ళు ఒక్క మంచి పాయ కూడా నోట పెట్టరు. ఎడమ కుప్పలోంచి తెచ్చి, కుళ్ళిన సగం కోసి పారేసి, మిగిలిన సగం కూరలో వేస్తారు. "సగం బాగానే ఉందిగా" అనేది అత్తగారు. పాయ గురించే కాదు, కొడుకుల గురించి కూడా అలాగే అనేది.

కోడలి దిగులు వేరు. మొగుడు రోజూ పక్కకి తిరిగి పడుకుంటూ, "అబ్బ, నీ దగ్గర కంపే" అనేవాడు. ఆమె సబ్బుతో తోమింది, బూడిదతో తోమింది, చివరికి ఇటుక ముక్కతో కూడా తోమింది. కంపు పోలేదు. అది చేతుల కంపా, ఇంటి కంపా, లేకపోతే తన లోపలిదేనా? కుళ్ళు పక్కన వారం పడున్న పాయ గతేమవుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తను ఏడేళ్ళుగా ఈ బస్తాలో ఉంది. మరి తన మెడ నొక్కి చూసేదెవరు?

సరిగ్గా ఏరే పని నెత్తి మీదికొచ్చిన వారంలో ఫోను మోగింది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న నేస్తాలు ఇద్దరున్నారామెకి. ఒకామె నర్సు. ఇంకొకామె దర్జీ, ఈమధ్యే ఉల్లి లారీలు వెళ్ళే సిటీలోనే కొట్టు పెట్టింది. ఫోను చేసింది నర్సు.

"రెండ్రోజులు ముగ్గురం సిటీలో తిరుగుదామే. లాడ్జీలో గది కూడా చెప్పేశాను."

"కోతలే తల్లీ."

"కోతలు ఏటేటా వస్తాయి. నాకు సెలవు మూడేళ్ళకోసారి వస్తుంది. ఏది పోతే మళ్ళీ దొరకదో నువ్వే చెప్పు."

కోడలు వెళ్ళి అత్తగారి ముందు నిలబడింది.

"వెళ్ళవే, ఎవరొద్దన్నారు," అంది అత్తగారు. "చేతులు పెట్టి వెళ్ళు."

కోతల రోజుల్లో గడప దాటేవాళ్ళు చేతులు ఇంట్లో పెట్టి వెళ్ళడం ఆ ఇంటి రివాజు. మామగారు పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు రెండు చేతులూ పెట్టి వెళ్ళారు, అవి పూర్తిగా ఒక మడి పాయ పీకాయి. మొగుడు స్నేహితుడి పెళ్ళికి వెళ్తూ ఎడం చెయ్యి ఒక్కటే పెట్టాడు. అది రెండ్రోజులూ అరుగు మీద కూర్చుని గోక్కుంది. గోక్కోవడానికి అక్కడ ఒళ్ళు లేకపోయినా సరే.

మణికట్టు దగ్గర, జాడీ మూత తిప్పినట్టు, రెండు చుట్లు తిప్పితే చెయ్యి వచ్చేస్తుంది. మొదటిది ఎవరికి వాళ్ళే తిప్పుకోవచ్చు. రెండోదానికి ఇంకో మనిషి కావాలి. కోడలు మొగుణ్ణి పిలిచింది. "ఇప్పుడే తిన్నాను, ఆ కంపు నావల్ల కాదు" అన్నాడు. మామగారు లేచొచ్చి మెల్లిగా తిప్పి, రెండు చేతుల్నీ మడిచిన తువ్వాలు మీద పక్కపక్కన పడుకోబెట్టారు.

చేతులు పెట్టేటప్పుడు వాటికి రెండు మాటలు చెప్పాలి. ఏం చెయ్యాలన్నది ఒకటి, ఎంతవరకు అన్నది ఒకటి. కోడలు వంగి, "పాయలు ఏరండి. షెడ్డులోవి..." అనబోయింది.

"ఆగాగు!" అంది అత్తగారు. "ఎంతవరకో చెప్పకు. షెడ్డులోవి అయ్యాక చేలోవున్నాయి, చేలోవి అయ్యాక పక్కింటివాళ్ళవున్నాయి. నాలుగు బస్తాలు ఏరిపెట్టామంటే మన మొహం చూసి ట్రాక్టరైనా ఇస్తారు. ఏరండి అని ఊరుకో."

"అలా చెప్పకూడదేమో అత్తయ్యా."

"అన్నీ నీకే తెలుసు. బస్సొస్తుంది, పో."

కోడలు వెళ్ళిపోయింది. చేతులు అప్పటికే పీట దగ్గరికి పాకుతున్నాయి.

లాడ్జీ గది చూసి కోడలు గడపలోనే నిలబడిపోయింది. దిండు మీద ఎవరిదో పొడుగాటి వెంట్రుక, సగం ఎరుపు, సగం తెలుపు. బకెట్టు లోపల జిడ్డు చారలు, ఎంతమంది స్నానం చేశారో లెక్కపెట్టుకోవచ్చు. గోడకి ఒక నల్లి ఎండిపోయి అంటుకుని ఉంది, చంపినవాడి వేలిముద్రతో సహా.

"ఇదొక కంపా?" అంది నర్సు, దుప్పటి దులుపుతూ. "మా వార్డుకి రా. నిన్న ఒకాయన కాలి కట్టు విప్పితే..."

"చెప్పకే!"

"...గిన్నెడు వచ్చింది. వెళ్ళి చెయ్యి కడుక్కుని రొట్టె తినేశాను."

"మీ ఇద్దరూ నయం," అంది దర్జీ. "నేను రోజుకి ఇరవై మంది మగాళ్ళ చంకలు కొలుస్తాను. ఊపిరి బిగబట్టి కొలిచి కొలిచి, ఇప్పుడు నేను చెరువులో దూకినా మునగను."

ముగ్గురూ మంచం ఊగిపోయేలా నవ్వారు. మంచం కూడా ఏదో పాత కంపు వదిలింది.

మధ్యాహ్నం హోటలుకి వెళ్ళారు. బల్ల తుడిచిన గుడ్డ బల్ల కంటే నల్లగా ఉంది. సర్వరు కోడలి ఖాళీ మణికట్లు చూసి, ఏమీ అడక్కుండా ఇంకో చెంచా తెచ్చి నర్సు ముందు పెట్టాడు. కోతల కాలంలో అలాంటివాళ్ళు వస్తూనే ఉంటారు. నర్సు కలిపి పెట్టింది, మందు పట్టినట్టు, ముక్కు మూసేసి మరీ.

"ముక్కెందుకే మూస్తావు?"

"అలవాటు. మింగు."

మూడో ముద్దకి కోడలు ఆగిపోయింది. కూర కూర వాసన వేస్తోంది. టీ గ్లాసు మొహం దగ్గర పెట్టించుకుంది, టీ వాసన వచ్చింది. దర్జీ భుజం మీదికి వంగి చూసింది, కొత్త గుడ్డ వాసన. ఏడేళ్ళలో మొదటిసారి దేనిమీదా కుళ్ళు లేదు. బయటికొచ్చాక నిలబడి ఆ రోడ్డంతా వాసన చూసింది. మురుక్కాలవ పక్కనే ఉండటంతో అదీ వచ్చింది, కానీ కాలవది కాలవదే, తనది కాదు.

సినిమాకి వెళ్ళారు. హాల్లో చెప్పులు నేలకి అంటుకుపోయాయి. పై వరసలోంచి ఎవడో నమిలింది ఉమ్మితే దర్జీ లేచి వాడి చొక్కా కొలతలు, వాడి తండ్రి కొలతలు కూడా నోటికొచ్చినట్టు చెప్పింది. బయటికొచ్చాక కొట్టు చూపిస్తానని తీసుకెళ్ళింది. చిన్న కొట్టు. రెండు మిషన్లు, గోడ నిండా వేలాడుతున్న చొక్కాలు, చేతులు బార్లా చాపుకుని.

"పైన గది ఖాళీ అవుతోంది," అంది దర్జీ, వేళ్ళతో ఒక అంచు తడుముతూ. "నాకొక మనిషి కావాలి. కుట్టు తప్పిన చోటు కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది. నీ వేళ్ళ సంగతి నాకు తెలుసుగా. చేతులు తెచ్చుకో, రేపే చేరు."

కోడలు ఖాళీ మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"నా దగ్గర కంపొస్తుందా? నిజం చెప్పండే."

"లేదు," అంది నర్సు.

"అవి లేవు కాబట్టి పైకి లేదు. లోపలుంటే? నీ కొట్టులో చేరి నీ బట్టలూ పాడు చేస్తే?"

నర్సు ఆమె మెడ మీద రెండు వేళ్ళు ఆనించింది. "నాకు తెలిసింది నాడి. కొట్టుకుంటోంది. చాలదా?"

"చాలదే," అంది కోడలు. "కుళ్ళినవి కూడా కొన్నాళ్ళు బరువుగానే ఉంటాయి."

మర్నాడు మధ్యాహ్నం బస్సెక్కింది. "తిరిగొస్తావా?" అని దర్జీ అడిగింది. "చేతులక్కడున్నాయి" అని మాత్రం అంది. వస్తాననలేదు, రాననలేదు.

ఎండ వాలేవేళకి ఇంటి ముందు దిగింది. దిగగానే కంపుకి ముక్కు పగిలింది. వాకిట్లో మూడు కుప్పలున్నాయి. వాటిలో పాయలు తక్కువ, ఇల్లు ఎక్కువ.

ఎడమ కుప్ప అన్నిటికంటే పెద్దది. పరుపు, దిండ్లు, వంటింటి కర్టెను, నాలుగు మూతల గిన్నెలు, పెరటి గోడలోంచి ఊడబెరికిన అడుగున్నర ముక్క. వీటన్నిటి కింద కుళ్ళుపాయలు చీము కారుతున్నాయి, పైన ఈగలు పొగలా లేస్తున్నాయి. ఆ మధ్యలో, నడుం దాకా కూరుకుపోయి మొగుడు. పక్కనే మరిది, ఫోను చూసుకుంటూ.

"వచ్చావా?" అన్నాడు మొగుడు. "చూడు నీ చేతులేం చేశాయో. మూడుసార్లు లేచాను, మూడుసార్లూ మెడ నొక్కి ఇక్కడే పడేశాయి."

"నన్ను ఒక్కసారే నొక్కాయి వదినా," అన్నాడు మరిది. "వేలు దిగబడింది. నొప్పేం లేదు."

జరిగిందేమిటంటే, చేతులు మొదటి రోజు సాయంత్రానికే షెడ్డులోవీ చేలోవీ ఏరేశాయి. అత్తగారు వాటిని బుట్టలో పెట్టుకుని పక్కింటివాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. రెండో రోజు పొద్దెక్కేసరికి అవీ అయిపోయాయి. ఎంతవరకో ఎవరూ చెప్పలేదు కదా, అవి తిరిగొచ్చి ఇల్లు ఏరడం మొదలుపెట్టాయి. అంత బలం ఎక్కడిదని నన్నడక్కండి. నేను పాలచెంబు ఎత్తితే నడుం పట్టేస్తుంది. అవి ఏడేళ్ళు బస్తాలెత్తిన చేతులు.

నడుమ చిన్న కుప్పలో మామగారు ఒక్కరే కూర్చున్నారు, ఒక పాత గొడుగుతో.

"మిమ్మల్నిక్కడ పెట్టాయా మామయ్యా?"

"త్వరగా వాడెయ్యమని అర్థం," అన్నారాయన. "తప్పేం చెప్పలేదులే."

కుడి వైపున కట్టిన బస్తాల మీద, అన్నిటికంటే ఎత్తులో, అత్తగారు కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"చూశావటే! రెండుసార్లు నొక్కాయి, రాయిలా ఉంది. మీరంతా నన్నన్న మాటలకి ఇదే జవాబు. నేను మంచి సరుకు!"

అంతలో లారీ వచ్చింది. డ్రైవరు దిగి, వెనక తలుపు దించి, కుప్పల వంక ఒకసారి చూసి, "కుడివేనా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పక్కర్లేకపోయింది. షెడ్డులోంచి చేతులు వచ్చాయి. గోళ్ళలో నల్లటి బురద, వేళ్ళ మధ్య పసుపుపచ్చ జిగురు, వాటి వెనకే ఈగల దండు. తనవే అయినా కోడలు ఒకడుగు వెనక్కి వేసింది. అవి బస్తాలు ఎత్తి లారీలో వెయ్యడం మొదలుపెట్టాయి. నాలుగు బస్తాలయ్యాక, అత్తగారి చంకల కింద దూరి ఆమెనీ ఎత్తాయి.

"ఒసేయ్! ఏమిటిది? ఎక్కడికి?"

"మార్కెట్టుకి పెద్దమ్మా," అన్నాడు డ్రైవరు. "మంచివన్నీ అక్కడికేగా."

"నేను పట్నం వెళ్ళనురా! దింపండి! నా ఇల్లు, నా కొడుకులు..." గింజుకుని కింద పడి, లేచి, విసవిసా నడిచి వెళ్ళి ఎడమ కుప్పలో కూలబడింది. కింద ఏదో చితికి చిమ్మింది. "నేను కుళ్ళినదాన్నే, ఏం? అందరూ విన్నారా? కుళ్ళినదాన్నే!"

"జరగమ్మా, నా మీద కూర్చున్నావు," అన్నాడు మొగుడు.

చేతులు ఆమె కోసం వెనక్కి వెళ్ళలేదు. కుళ్ళిన కుప్పలోంచి పైకి రానివ్వవు గానీ, మంచి కుప్పలోంచి దొర్లిపోయేదాన్ని ఏరేవాళ్ళెవరూ ఆపరు.

ఆఖరి బస్తా కూడా ఎక్కించాక, అవి కోడలి వైపు తిరిగాయి.

 ఇన్నేళ్ళు అడుగుదామనుకున్నది ఇప్పుడు అడక్కుండానే వస్తోంది. పారిపోవాలనిపించింది. చూసుకోకపోతేనే నయం కదా, పరుపు ఎత్తి కిందేముందో చూడకపోవడమే నయమన్నట్టు.

"దాని మెడ నొక్కక్కర్లేదు," అరిచాడు మొగుడు. "నాకు తెలుసు దాని సంగతి. ఇటు పడెయ్యండి."

ఎడం చెయ్యి ఆమె భుజం మీదికెక్కి వీపుకి ఆనుకుంది. కుడి బొటనవేలు గొంతు పక్కన ఆనింది. చల్లగా, జిడ్డుగా. కంపుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేలు నొక్కింది. ఇంకొంచెం పక్కకి జరిగి మళ్ళీ నొక్కింది. పాయకి ఒక్కసారే నొక్కే వేలు, మూడోసారి కూడా నొక్కింది. మామగారు గొడుగు మూసి లేచి నిలబడ్డారు. కోడలు చేతుల వంక చూడలేదు. ఎడమ కుప్పలో తన కోసం మొగుడు పరుపు దులిపి చేస్తున్న చోటు వంక చూసింది.

చేతులు ఆమెని నడుం దగ్గర పట్టుకుని ఎత్తి, లారీలోని బస్తాల మీద, కుదురుగా, మెల్లిగా కూర్చోబెట్టాయి.

దొర్లిపోవాలంటే దొర్లిపోవచ్చు. అత్తగారు చూపించింది కూడాను. లారీ నుంచి నేల ఎంతో ఎత్తు లేదు. కోడలు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కూర్చున్న చోటే కూర్చుంది.

మామగారు లారీ పక్కన కట్టిన నీళ్ళ డబ్బా వంచి, సబ్బు ముక్క వెతికి, ఆ రెండు చేతుల్నీ కడిగారు. గోళ్ళలో పుల్ల పెట్టి మరీ తీశారు. తుడిచి, ఒక్కొక్కటే తెచ్చి మణికట్టుకి ఆనించి రెండు చుట్లు తిప్పారు. మనిషికి తగిలాక చేతులు ఇక మనిషి మాటే వింటాయి.

"మీరూ రండి మామయ్యా."

"నాకిక్కడే వాడకం ఉందమ్మా. వీళ్ళకి టీ ఎవరు పెడతారు?"

"ఒసేయ్, మరి వంట?" అంది అత్తగారు ఈగలు తోలుకుంటూ. "ఇంతమందికి ఏం పెట్టాలి?"

"చూసి కోసుకోండి అత్తయ్యా," అంది కోడలు. "సగం బాగానే ఉంటుంది."

లారీ కదిలింది. ఇల్లు మలుపు తిరిగి కనబడకుండా పోయినా కంపు ఇంకో మైలు దాకా సాగనంపింది. తరవాత గాలి మారింది. కోడలు చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన, దాని అడుగున ఉల్లి. పచ్చి ఉల్లి, అంతే.

కొంత దూరం వెళ్ళాక మళ్ళీ ఆ పాత కంపు సన్నగా తగిలింది. ముందు తన మెడ తడుముకుంది. తరవాత తను కూర్చున్న బస్తా మూతి విప్పి లోపలికి చెయ్యి పెట్టింది. మూడో వరసలో దొరికింది. ఎత్తి చూసింది. మెడ గట్టిగా, రాయిలా ఉంది. తిప్పింది. అడుగు కుళ్ళిపోయింది. వేళ్ళు కణుపుల దాకా దిగబడ్డాయి, బూడిద రంగు నీళ్ళు మోచేతి మీదుగా కారాయి. ఆ వేళ్ళు పుట్టిన దగ్గర్నుంచీ ఎప్పుడూ మెడే నొక్కాయి, అడుగు నొక్కలేదు.

దాన్ని కాసేపు అలాగే పట్టుకుని, తన అడుగున ఏముందో అని ఆలోచించింది. ఇక్కడ, ఈ గతుకుల రోడ్డు మీద అది తేలేది కాదు. చెయ్యి బలంగా వెనక్కి చాపి దాన్ని రోడ్డు పక్క తుప్పల్లోకి విసిరేసింది.

డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. "ఏదో పడిందమ్మా! ఆపమంటావా?"

"వద్దన్నా," అంది కోడలు, చెయ్యి గోనెకి గట్టిగా తుడుచుకుంటూ. "నడుపు."